కొండెక్కే కోడి, కొండ దిగే రూపాయి

బొర్రా గుహల దగ్గర, అక్కడి నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు పొడవునా, నిప్పుల మీద వరసగా పేర్చిన వెదురు బొంగులు కనిపిస్తాయి. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి బొంగులో కూరుతారు. మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె చుక్క లేకుండా సెగ మీద తిప్పుతూ కాలుస్తారు. అరగంటకో ముప్పావుగంటకో మాంసం ఉడుకుతుంది. విశాఖ నుంచి రైల్లోనో కారులోనో వచ్చినవాళ్లు గుహలు చూసి, ఇది తిని, దిగిపోతారు. వాళ్లు ఆ బొంగుకి ఇచ్చిన డబ్బులో కొండ మీద మిగిలేది ఎంత? ఎందుకంత? అది పెరగాలంటే ఏం మారాలి? ఈ మూడు ప్రశ్నలకి జవాబు వెతుకుదాం.

కోడిని కోసి, ఈకలు తీసి, కడిగి, ముక్కలు కొట్టి, చల్లబరిచో వండో తినేవాడికి చేర్చే పనులన్నిటినీ కలిపి కోళ్ల ప్రాసెసింగ్ (బతికున్న కోడిని అమ్మకానికి సిద్ధమైన మాంసంగా మార్చే పని) అంటారు. అమెరికాలో, బ్రెజిల్‌లో ఈ పని ఒకే కప్పు కింద వందలాది మంది చేస్తారు. మన దగ్గర అదే పని వీధి చివర చికెన్ సెంటర్లో ఇద్దరు చేస్తారు. దేశంలో అమ్ముడయ్యే కోడిమాంసంలో తొంభై శాతం దాకా ఇలా కళ్లెదుట కోయించుకునేదేనని పరిశ్రమ వర్గాల అంచనా. ఆ లెక్కన బొర్రా దగ్గరి బొంగు దుకాణం కూడా చిన్నపాటి ప్రాసెసింగ్ యూనిట్టే. అక్కడ పనిచేసేవాళ్లు ప్రాసెసింగ్ కార్మికులే. వాళ్లను ఎవరూ ఆ పేరుతో లెక్కపెట్టరు.

ఈ విషయం ఇప్పుడు ఆలోచించడానికి కారణాలున్నాయి. 2017లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె విశాఖ–అరకు రైలుకి తగిలించారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. బొర్రా ఉన్న అనంతగిరి మండలం అందులోకి వచ్చింది. పర్యాటకమే ఈ జిల్లాకి ముఖ్య ఆదాయ వనరు కావాలని అందరూ అంటున్నారు. మరోవైపు కోడిమాంసం వాడకం పెరుగుతూనే ఉంది. 2023-24లో దేశంలో ఉత్పత్తయిన మొత్తం మాంసం కోటి టన్నులు దాటితే, అందులో దాదాపు సగం కోడిదే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, దేశంలో దాదాపు ఆరో వంతు. ఇంత పెద్ద కోళ్ల రాష్ట్రంలో ఉండి కూడా, కోడి పేరుతో బతికే కొండ మీది దుకాణానికి ఆ సంపదలో దక్కుతున్న వాటా వేరే కథ చెబుతుంది.

ఆ కథ కోడిపిల్ల దగ్గర మొదలవుతుంది. దుకాణాల్లో ఎక్కువగా వాడేది బ్రాయిలర్ కోడి. అడిగితే కొన్నిచోట్ల నాటుకోడి కూడా చేసిపెడతారు, ధర బాగా ఎక్కువ. బ్రాయిలర్ పుట్టేది మైదానంలోని హేచరీలో (గుడ్లను యంత్రాల్లో పొదిగించే కేంద్రం). పెరిగేది మైదానంలోని షెడ్డులో. ఐదారు వారాల్లో రెండు కిలోల బరువు వస్తుంది. అక్కడి నుంచి టోకు వ్యాపారికి, అతని నుంచి బండి మీద కొండకి. పైకి వచ్చాక కోయడం, ముక్కలు కొట్టడం, మసాలా పట్టించడం, కాల్చడం మాత్రం బొర్రాలో జరుగుతాయి. మసాలా దినుసులు, ఉప్పు, విస్తళ్ల బదులు వాడే కాగితం పళ్లేలు కూడా చాలావరకు కిందినుంచే వస్తాయి. వెదురు అడవిది. కట్టెలు స్థానికం. శ్రమ స్థానికం.

ఇప్పుడొక లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి, వాటి దామాషా ముఖ్యం. పర్యాటకుడు వంద రూపాయలిచ్చాడు. అందులో 55 కోడికి పోయింది. పది రూపాయలు మసాలాకీ పళ్లేలకీ పోయాయి. మిగిలిన 35 వెదురు నరికి తెచ్చినవాడికి, కట్టెలు కొట్టినవాడికి, కాల్చినవాడికి, దుకాణదారుడికి అందాయి. అంటే మొదటి విడతలోనే 65 రూపాయలు కొండ దిగిపోయాయి. దీన్ని ఆర్థికవేత్తలు కారుదల (ఒక ప్రాంతంలో ఖర్చయిన డబ్బు అక్కడ ఎవరికీ ఆదాయం కాకుండా బయటికి పోవడం) అంటారు.

కథ అక్కడితో ఆగదు. ఆ 35 రూపాయలు అందుకున్న కుటుంబం వాటిని ఖర్చుపెడుతుంది. నూనె ప్యాకెట్, సబ్బు, ఫోన్ రీచార్జి, పిల్లల బట్టలు: ఇవన్నీ కింద తయారైనవి. సంతలో పక్క ఊరివాడి దగ్గర కొన్న చోళ్లు, సామలు, కూరగాయలు, ఇంటి గోడ కట్టిన మేస్త్రీ కూలి: ఇవి స్థానికం. ఐదో వంతు స్థానికంగా ఖర్చయిందనుకుందాం. అంటే ఏడు రూపాయలు మరొకరికి ఆదాయమయ్యాయి. వాళ్లు మళ్లీ ఐదో వంతు, రూపాయి నలభై పైసలు, అక్కడే ఖర్చుపెడతారు. ఇలా తరుగుతూ పోతే మొత్తం 44 రూపాయల దగ్గర ఆగుతుంది. మొదట అందిన ఆదాయం చేతులు మారి చివరికి ఎన్ని రెట్లయిందో చెప్పే ఈ సంఖ్యను గుణకం అంటారు. ఇక్కడ అది ఒకటింబావు. స్థానికంగా ఖర్చు సగం ఉండే ఊళ్లో అయితే రెండు. పట్నాల్లో గుణకం ఎక్కువ ఉండటానికి కారణం జనం తెలివి కాదు. కొనదగ్గవన్నీ అక్కడే దొరకడం.

దీనికి తోచే మొదటి పరిష్కారం: బ్రాయిలర్ షెడ్లు కొండ మీదే కడితే సరిపోదా? ఇదే లెక్కలో పెట్టి చూద్దాం. బ్రాయిలర్ పెంపకం ఖర్చులో మేత మూడింట రెండొంతుల దాకా ఉంటుంది. కోడిపిల్ల ధర మరో 15 నుంచి 20 శాతం. మేత అంటే ప్రధానంగా మొక్కజొన్న, సోయా చెక్క. పిల్ల, మేత రెండూ కిందినుంచే రావాలి. కోడికి పోయిన 55 రూపాయల్లో 46, 47 రూపాయలు మళ్లీ కిందికే పోతాయి. షెడ్డు వేసినవాడి కష్టానికి మిగిలేది ఎనిమిదో తొమ్మిదో. కొండ మీది మొత్తం ఆదాయం 44 నుంచి 55కి పెరుగుతుంది, అంతే. పైగా మేత బస్తాలు ఘాట్ ఎక్కించే కిరాయి అదనం. అందుకే, షెడ్డు కొండ మీద ఉందా, కింద ఉందా అన్నదానికంటే పిల్ల ఎవరిది, మేత ఎవరిది అన్నదే ఎక్కువ తేల్చే ప్రశ్న.

రెండో పరిష్కారం నాటుకోడి. అది పెరట్లో ఏరుకుని తింటుంది. పురుగులు, నూకలు, రాలిన చోళ్లు, సామలు దాని మేత. తల్లి కోడే పొదుగుతుంది. మందులకీ గంపకీ పోయే కొద్ది డబ్బు తప్ప మిగతాదంతా ఇంట్లోనే ఉంటుంది. 55లో 50 మిగిలిందనుకుంటే, 35తో కలిపి 85. గుణకంతో హెచ్చవేస్తే వంద రూపాయల ఖర్చుకి కొండ మీద వందకు పైగా ఆదాయం. అదే బొంగు, అదే దుకాణం, అదే పర్యాటకుడు. మారింది కోడి ఒక్కటే.

ఇంత తేడా ఉంటే దుకాణదారులు నాటుకోడినే ఎందుకు వాడరు? వాళ్లు లెక్క తెలియక కాదు. నాటుకోడి మాంసం గట్టిది, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. రైలు వచ్చే వేళ తెలుసు, పోయే వేళ తెలుసు, ఆ మధ్యలో వందమంది ఆకలితో నిలబడతారు. ఫోన్ చేస్తే పొద్దున్నే బండి మీద యాభై బ్రాయిలర్లు దిగుతాయి. యాభై నాటుకోళ్లు కావాలంటే ఎన్ని గడపలు తొక్కాలి? ధర కూడా అంతకంతా. సంతకొచ్చిన మంచి పుంజుల్ని సంక్రాంతి ముందు మైదానపు వ్యాపారులు ముందే కొనుక్కుపోతారు. కాబట్టి సమస్య దుకాణం దగ్గర లేదు, పెరటి దగ్గర ఉంది. దాని సంగతికి వచ్చేముందు, మైదానం ఈ దారిలో ఎలా నడిచిందో కొంచెం చూడాలి.

తెలుగునాట కోళ్ల పెంపకం పరిశ్రమగా మారిన కథలో బి.వి.రావు పేరు ముందుంటుంది. ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో రైతులు గుడ్ల ధర తామే ప్రకటించుకునేలా నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ఏర్పాటుకి నాయకత్వం వహించారు. అంతకుముందు ధర దళారి చెప్పిందే. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోళ్ల ఫారాలు పెరిగాయి. వాటి చుట్టూ మేత మిల్లులు, మందుల దుకాణాలు, అట్టపెట్టెలు, లారీలు, మొక్కజొన్న సాగు పెరిగాయి. రైతు కొనే ప్రతి వస్తువూ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపలే దొరకడం మొదలైంది. డెల్టా సంపన్నం కావడంలో నీళ్లతోపాటు ఇదీ ఒక పాత్ర పోషించిందని నా నమ్మకం. ఫారంలో గుడ్లు ఏరే కూలీ ఒక్కడే కనబడతాడు. అతని వెనక ఉన్న మొక్కజొన్న రైతు, మిల్లు ఫిట్టరు, లారీ డ్రైవరు కనబడరు.

ఉద్యోగాల్ని లెక్కించేవాళ్లు అందుకే మూడు రకాలుగా విడదీస్తారు. ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసేవాళ్లవి ప్రత్యక్ష ఉద్యోగాలు. ప్లాంటుకి సరుకు, సేవలు అందించేవాళ్లవి పరోక్ష ఉద్యోగాలు. ఈ రెండు రకాలవాళ్లూ జీతం ఖర్చుపెట్టడం వల్ల కిరాణా కొట్టులో, టైలరు దగ్గర పుట్టేవి ప్రేరిత ఉద్యోగాలు. కొత్త పరిశ్రమ వస్తోందంటే పత్రికల్లో పెద్ద అంకె వస్తుంది. ఆ అంకెలో ఈ మూడూ కలిసి ఉన్నాయా, రెండోదీ మూడోదీ ఈ మండలంలో పుడతాయా లేక వేరే రాష్ట్రంలోనా, కొత్తగా చేరినవాళ్లు అంతకుముందు ఏ పనీ లేనివాళ్లా లేక ఉన్న పని వదిలి వచ్చినవాళ్లా అని పాఠకుడు అడగాలి. అడిగితే అంకె సాధారణంగా చిన్నదవుతుంది.

పెద్ద ప్లాంటు ఒక ఊరికి ఏం చేస్తుందో అమెరికా చెబుతుంది. జార్జియా రాష్ట్రంలో గెయిన్స్‌విల్ అనే ఊరుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో జెస్సీ జ్యువెల్ అనే మేత వ్యాపారి ఒక ఉపాయం చేశాడు. చుట్టుపక్కల రైతుల దగ్గర డబ్బు లేదు. పత్తి పోయింది. అతను కోడిపిల్లల్నీ మేతనీ అప్పుగా ఇచ్చాడు. పెరిగిన కోళ్లని తనే తిరిగి తీసుకుని అమ్మాడు. తర్వాత సొంత హేచరీ, సొంత ప్రాసెసింగ్ ప్లాంటు పెట్టాడు. పిల్ల నుంచి మాంసం దాకా ఒకే యాజమాన్యం కిందకి వచ్చే ఈ పద్ధతినే మన రైతులు ఇంటిగ్రేషన్ (కంపెనీ పిల్లలు, మేత ఇస్తుంది, రైతు షెడ్డు, శ్రమ పెట్టి కిలోకి ఇంత అని పెంపకపు చార్జీ తీసుకుంటాడు) అంటున్నారు. 1990ల తర్వాత తమిళనాడు కంపెనీల ద్వారా ఇది దక్షిణాదికంతా పాకింది. గెయిన్స్‌విల్ తనను తాను ప్రపంచ కోళ్ల రాజధానిగా చెప్పుకుంటుంది. పత్తి పోయిన ఎర్రనేలకి కోడి నిజంగానే బతుకునిచ్చింది.

అదే అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో నోయెల్ అనే చిన్న ఊరు. జనాభా రెండువేల పైచిలుకు. టైసన్ కంపెనీ కోళ్ల ప్లాంటులో దాదాపు 1,500 మంది పనిచేసేవాళ్లు. సోమాలియా, బర్మా, పసిఫిక్ దీవుల నుంచి వచ్చినవాళ్లు అందులో ఎందరో. 2023 ఆగస్టులో ప్లాంటు మూసేస్తామని కంపెనీ ప్రకటించింది. ఇంకో మూడు ప్లాంట్లతోపాటు. కొద్ది నెలల్లో మూసేసింది. ఒకే యజమాని మీద ఊరంతా ఆధారపడినప్పుడు గుణకం తిరగబడుతుంది. పైకి ఎన్ని రెట్లు పెంచిందో కిందికీ అన్ని రెట్లు లాగుతుంది. ముందు జీతం పోతుంది, తర్వాత అద్దె ఆగుతుంది, తర్వాత కిరాణా కొట్టు మూతపడుతుంది, ఆ తర్వాత బడిలో పిల్లలు తగ్గుతారు.

పని నాణ్యత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్లాంటులో ఒక మనిషి రోజంతా ఒకే కోత కోస్తాడు. చలిగది, తడి, కత్తి. చేతి నరాలు పట్టేస్తాయి. 1991 సెప్టెంబర్ 3న నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో కోళ్ల ప్లాంటు తగలబడి 25 మంది చనిపోయారు. బయటికి వెళ్లే తలుపులకి తాళాలు వేసి ఉన్నాయి. 2013లో చైనాలోని జిలిన్ రాష్ట్రంలో మరో కోళ్ల ప్లాంటు కాలి దాదాపు 120 మంది పోయారు. అక్కడా తలుపులు మూసే ఉన్నాయి. ఉద్యోగాల సంఖ్య చెప్పే నివేదికల్లో ఈ పేజీ ఉండదు. ఉండాలి.

సరే, అలాంటి పెద్ద ప్లాంటు బొర్రాకి వస్తుందా? రాదు. దానికి కారణం బొర్రా చరిత్రలోనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదని చెప్పే నిబంధనని జనం 1/70 చట్టం అంటారు. 1959 నాటి నిబంధనకి 1970లో చేసిన సవరణ అది. అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీయే. మరి ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఇక్కడి నుంచే. బొర్రా రిజర్వు అడవి, అనంతగిరి మండలంలోని ఊళ్లలో గని లీజుల మీద సమత అనే సంస్థ కేసు వేసింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ప్రభుత్వం కూడా ఈ చట్టం దృష్టిలో ఒక వ్యక్తే, గిరిజనేతరులకి అదీ లీజివ్వకూడదు అని కోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థలు, గిరిజనుల సహకార సంఘాలు గనులు తవ్వుకోవచ్చని దారి చూపింది. దేశమంతా సమత తీర్పుగా పిలిచేది దీన్నే.

ఆ తీర్పు గనుల గురించి. దాని తర్కం మాత్రం కోళ్ల ప్లాంటు స్థలానికీ వర్తిస్తుంది. బయటి కంపెనీ ఇక్కడ భూమి కొనలేదు, లీజుకి తీసుకోలేదు. దీన్ని అభివృద్ధికి అడ్డంగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడను. నోయెల్ ఊరివాళ్లకి ప్లాంటు పోయాక మిగలనిది బొర్రా వాళ్లకి ఉంది: కాళ్ల కింద సొంత నేల. కానీ ఈ రక్షణకి ఒక ఖర్చూ ఉంది, దాన్ని దాచకూడదు. గిరిజన రైతు పొలం తనఖా పెట్టినా, అప్పు తీరకపోతే దాన్ని కొనగలిగింది మరో గిరిజనుడే. అందుకని బ్యాంకులు వెనకాడతాయి. పెట్టుబడి దొరకదు. కాబట్టి ఇక్కడ ఏ యూనిట్ వచ్చినా అది సంఘంగానే రావాలి, పెట్టుబడిలో ప్రభుత్వ సాయం ఉండాలి.

ఇంకో కారణం నీళ్లు. ప్రాసెసింగ్ అంటే కడగడం. పెద్ద ప్లాంట్లలో ఒక్కో కోడికి ఇరవై లీటర్లకు పైగా నీళ్లు పోతాయి. ఆ నీళ్లలో నెత్తురు, కొవ్వు, ఈకలు కలుస్తాయి. బొర్రా సున్నపురాతి కొండ. సున్నపురాయిలో నీరు మట్టిలోలా మెల్లగా వడగట్టుకుంటూ దిగదు. పగుళ్ల గుండా, గుహల గుండా ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ గుహల్లోంచే గోస్తనీ నది వస్తోంది. అది కిందికి పోయి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. విశాఖపట్నం తాగే నీళ్లలో తాటిపూడి నీళ్లూ ఉన్నాయి. పైన గెడ్డలో పారబోసింది కింద నగరం కుళాయిలోకి చేరడానికి అడ్డు పెద్దగా లేదు. ఈ మాట పెద్ద ప్లాంటుకే కాదు, ఇప్పుడు రోడ్డు పక్కన ఈకలూ పేగులూ పోసేస్తున్న దుకాణాలకీ వర్తిస్తుంది. ఒకచోట కోతగది, ఒక గుంత, దానిమీద మూత: ఇంతే కావలసింది. వ్యర్థాన్ని పెంటతో కలిపి ఎరువు చేస్తే మిరియాలు, కాఫీ తోటలకి పనికొస్తుంది.

ఇలాంటి ప్రాంతంలో, గిరిజన మహిళల చేతుల్లో కోళ్ల వ్యాపారం నిలబడ్డ చోటు ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా (ఇప్పటి నర్మదాపురం) కేస్లా బ్లాకు. ప్రదాన్ అనే సంస్థ తోడ్పాటుతో గోండు, కోర్కు మహిళలు ఇంటి పక్కన నాలుగైదు వందల బ్రాయిలర్లు పట్టే చిన్న షెడ్లు వేసుకున్నారు. 2001లో సహకార సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలన్నీ కలిసి 2006లో మహిళా కోళ్ల ఉత్పత్తిదారుల కంపెనీ అయ్యాయి. వాళ్లదీ బ్రాయిలరే. పైన చెప్పిన లెక్క ప్రకారం డబ్బు కారిపోవాలి. దాన్ని వాళ్లు రెండు పనులతో ఆపారు. మేత మిల్లు, పిల్లల సరఫరా, అమ్మకం సంఘమే చేతిలోకి తీసుకుంది. అంటే లాభం పుట్టే మెట్లన్నీ తమవే. రెండోది మరింత తెలివైనది. మార్కెట్ ధర పడినా లేచినా దాన్ని సంఘమే భరిస్తుంది. సభ్యురాలికి డబ్బు వచ్చేది ఆమె ఎంత మేతతో ఎంత బరువు తెచ్చింది, ఎన్ని పిల్లల్ని బతికించింది అన్నదాన్ని బట్టి. తన చేతిలో ఉన్నదానికి ఆమె బాధ్యురాలు. తన చేతిలో లేని ధరకి కాదు.

ఆ ఏర్పాటు ఎందుకు ముఖ్యమో 2025 ఫిబ్రవరి చూపించింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పకూలాయి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల బర్డ్ ఫ్లూ అని తేల్చింది. కిలోమీటరు పరిధిలో కోళ్లన్నిటినీ చంపి పూడ్చారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. బాగా ఉడికించిన మాంసంలో వైరస్ బతకదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా జనం కొనడం మానేశారు, ధర పడిపోయింది. ఇలాంటి వారంలో ఒంటరిగా షెడ్డు వేసుకున్న పేద కుటుంబం అప్పులో పడుతుంది. ఆ అప్పు తీర్చడానికి అమ్మేది ముందు మేక, తర్వాత ఎద్దు.

ఇక పెరటి సంగతి. ఇక్కడి కొండదొర, పోర్జా, వాల్మీకి తెగల ఇళ్లలో కోడి అమ్మకపు సరుకు కంటే ముందు ఇంటి సొమ్ము. పండక్కి, మొక్కుకి, చుట్టం వచ్చినప్పుడు కోస్తారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు సంతకి తీసుకెళ్తారు. నాటుపెట్ట ఏడాదికి మూడుసార్లు పొదుగుతుంది. ఒక్కోసారి ఎనిమిది, తొమ్మిది పిల్లలు లేస్తాయి. అంటే పాతిక దాకా పిల్లలు. వాటిలో సగం రెండు నెలలు నిండకుండానే పోతాయి. గద్ద, ముంగిస, అడవిపిల్లి కొన్నిటిని తీసుకుపోతాయి. వాన తడికి, చలికి కొన్ని పోతాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ కొక్కెర తెగులు (మెడ వంకరపోయి, ఆకుపచ్చ పారుడుతో ఊళ్లో కోళ్లన్నీ వరసగా చచ్చే వైరస్ జబ్బు). అది వస్తే పల్లెలో కోడికూత ఉండదు.

పిల్లల్లో సగం బదులు మూడొంతులు బతికాయనుకోండి. పెట్టకి ఆరేడు కోళ్లు అదనం. నాలుగు పెట్టలున్న ఇంటికి ఏడాదికి పాతిక కోళ్లు. కొత్త షెడ్డు లేదు, బ్యాంకు అప్పు లేదు, బస్తా మేత లేదు. బొంగు దుకాణానికి కావలసిన సరఫరా ఎక్కడో వెతకక్కర్లేదు, ఇప్పుడు చచ్చిపోతున్న పిల్లల్లోనే ఉంది. దీనితోపాటు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలున్నాయి. వనరాజా నాటుకోడికంటే తొందరగా బరువెక్కుతుంది, మాంసం బ్రాయిలర్ కంటే గట్టి, నాటుకంటే మెత్తన. రైలు వేళకి ఉడికే కోడి కావాలన్న దుకాణదారుడికి ఇది మధ్యేమార్గం. కాకపోతే వనరాజా పెట్ట సరిగా పొదగదు. పిల్లలు మళ్లీ బయటినుంచే రావాలి. అవి స్థానికంగా రావాలంటే హేచరీ కావాలి. గ్రామీణ కోళ్ల హేచరీకి, పిల్లల పెంపక కేంద్రానికి జాతీయ పశుసంపద మిషన్ సగం పెట్టుబడి, 25 లక్షల దాకా, సబ్సిడీగా ఇస్తోంది. గిరిజన సంఘం పేరిట అడగడానికి అడ్డేమీ లేదు. మేతలో కొంత భాగమైనా ఇక్కడిదే వాడొచ్చు. అరకు చుట్టూ చలికాలంలో పసుపు పచ్చగా పూసే వలిసెల గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్క మంచి మాంసకృత్తుల మేత. చోడి, సామ, మొక్కజొన్న నూక ఎలాగూ ఉంది.

అయితే వీటన్నిటికీ ముందు టీకా. కొక్కెర తెగులుకి టీకా చవక. మరి ఇన్నేళ్లుగా పెరటి కోడికి ఎందుకు అందలేదు? సీసా వల్ల. టీకా సీసాలో కనీసం వంద కోళ్లకి సరిపడా మందు ఉంటుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, అందాకా చల్లగా ఉంచాలి. ఎనిమిది పిల్లలున్న ఇంటికి సీసా కొని ఏం లాభం? కాబట్టి ఊరంతా ఒకేరోజు వేయించుకోవాలి. పొద్దున్నే కోళ్లని గంపల కిందనుంచి వదలకముందే ఇంటింటికీ తిరగాలి. ఐస్ పెట్టెతో తిరిగే మనిషి ఒకరు ఉండాలి. ఆమెకి కోడికి ఇంత అని కూలి ముట్టాలి. ఊళ్లో పశువుల బాగోగులు చూసే, పశుసఖులు అని పిలుస్తున్న మహిళలు చేయగలిగిన పనే ఇది. జిల్లా ఉద్యోగాల పట్టికలో ఈ పని కోళ్ల ప్రాసెసింగ్ కింద రాదు. కానీ బొర్రాలో ఒక్క కోతగది ఉద్యోగం పుట్టాలంటే ముందు పుట్టాల్సిన ఉద్యోగం ఇదే.

ఆమె క్యాలెండరు కూడా ముందే తేలిపోయింది. బొర్రాకి జనం ఎక్కువ వచ్చేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. నాటుకోడి కోతకొచ్చే బరువు తెచ్చుకోవడానికి ఐదారు నెలలు పడుతుంది. డిసెంబరులో దుకాణానికి కోడి అందాలంటే పిల్ల జూన్, జులైలో లేవాలి. అది కొండ మీద నిలువు వాన కురిసే కాలం. పిల్లలు ఎక్కువగా చచ్చేది అప్పుడే. అంచేత మే నెలలోనే పెట్టలకి మొదటి టీకా పడాలి. వాన మొదలవకముందే ప్రతి ఇంటికీ ఒక పొడి గంప, నేలమీద ఊక పరుపు, తడిచిన రాత్రి పిల్లలకి వెచ్చదనం ఇచ్చే బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉండాలి. కరెంటు పోయే ఊళ్లలో బల్బుని నమ్ముకుంటే పిల్లలు దక్కవు. పిల్లలకి ఏడో రోజున కంట్లో టీకా చుక్క, ఎనిమిదో వారంలో సూది.